మహమ్మారి రోజుల్లో పిల్లల ఫుట్‌బాల్ కోచింగ్ నడపడం ఎలా

మియాపూర్ నుంచి గచ్చిబౌలి గ్రౌండ్‌కి ఎనిమిది మంది పిల్లలు ఒకే వ్యాన్‌లో వస్తారు. ఏసీ వేసి అద్దాలు బిగించేస్తారు. ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు పడుతుంది. దిగగానే గేటు దగ్గర ఒకాయన నుదుటికి టెంపరేచర్ గన్ గురిపెట్టి, చేతిలో శానిటైజర్ పోసి, బంతులన్నిటికీ స్ప్రే కొట్టి లోపలికి పంపుతాడు. చూడ్డానికి అంతా పద్ధతిగానే ఉంటుంది. కానీ ఆ ఎనిమిది మందిలో ఒకరికి వైరస్ ఉంటే, అంటాల్సింది వ్యాన్‌లోనే అంటేసి ఉంటుంది.

కోవిడ్ అయినా ఫ్లూ అయినా ముఖ్యంగా ఊపిరితో, దగ్గుతో, అరుపుతో బయటికొచ్చే తుంపరల వల్లే అంటుతుంది. మూసిన చోట ఆ గాలి అక్కడక్కడే తిరుగుతుంది, మైదానంలో చెదిరిపోతుంది. ఆటలో ఇద్దరు పిల్లలు బంతి కోసం ఎదురెదురు పడేది కొన్ని క్షణాలే. అదే డగౌట్‌లో, అంటే ఆటలో లేనివాళ్లు ఆగే చోట, బెంచీ మీద భుజాలు రాసుకుంటూ పది నిమిషాలు కూర్చుంటారు. అందుకే జాగ్రత్త ముందు ఐదు చోట్ల పెట్టాలి: వ్యాన్, గేటు, బెంచీ, వానొస్తే దూరే షెడ్డు, ఆట అయ్యాక చాయ్ బండి. అకాడమీ దగ్గరున్న డబ్బు, మనుషులు, ఓపిక వీటికి ఖర్చు పెట్టాక ఇంకా మిగిలితే బంతులు తుడుచుకోవచ్చు. ప్రభుత్వం గ్రౌండ్లు మూసేయమంటే మూసేయడమే, అందులో వాదన లేదు. ఇక్కడ చెప్పేదంతా తెరవొచ్చు అన్నప్పటి సంగతి.

మన ఊరికి ఇవేమీ కొత్త మాటలు కావు. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌ని పెద్దవాళ్లు ఇప్పటికీ కోరంటి దవాఖాన అనే అంటారు. క్వారంటైన్ అన్న మాటే జనం నోట్లో నలిగి నలిగి అలా అయింది. 2009 మే నెలలో దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది కూడా హైదరాబాద్‌లోనే. ఇక 2022 మార్చి 20న గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ పెనాల్టీల్లో కేరళ బ్లాస్టర్స్‌ని ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు తెచ్చిన సీజన్ మొత్తం బయోబబుల్‌లోనే, అంటే ఆటగాళ్లని బయటివాళ్లతో కలవనివ్వకుండానే, నడిచింది. అంత ఖర్చు పిల్లల అకాడమీలు పెట్టలేవు. కానీ ఆ బబుల్‌లోంచి తీసుకోవాల్సిన సూత్రం ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు: ఎవరితో ఆడుతున్నారో వాళ్లతోనే ఆడాలి.

బ్యాచ్‌ని వ్యాన్ చూసి కట్టండి

మామూలు రోజుల్లో వయసు చూసి, ఆట చూసి బ్యాచ్‌లు కడతాం. కేసులు పెరుగుతున్నప్పుడు ఆ లెక్క కొన్నాళ్లు పక్కన పెట్టాలి. ఒకే వ్యాన్‌లో వచ్చేవాళ్లు, ఒకే అపార్ట్‌మెంట్ వాళ్లు, అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్లు ఒకే బ్యాచ్‌లో ఉండాలి. వాళ్లు ఎలాగూ ఒకే గాలి పీలుస్తున్నారు. వాళ్లను ఆట చూసి మూడు బ్యాచ్‌లకు పంచితే ఒక్క కేసు మూడు బ్యాచ్‌లకూ పాకుతుంది, మూడూ ఆపాల్సి వస్తుంది. ఎనిమిదేళ్లవాడు, పన్నెండేళ్లవాడు ఒకే బ్యాచ్‌లో పడితే కోచ్‌కి ఇబ్బందే, కాదనలేం. కింద చెప్పిన గడుల పద్ధతిలో ఎవరి గడిలో వాళ్లు ఆడుకుంటారు కాబట్టి కొంత నెగ్గుకురావచ్చు.

బ్యాచ్‌కి 10 నుంచి 12 మంది, ఒక కోచ్. పూర్తి సైజు గ్రౌండ్, అంటే సుమారు 100 మీటర్ల పొడవు, 64 మీటర్ల వెడల్పు దొరికితే మధ్యలో అడ్డంగా, నిలువుగా 4 మీటర్ల దారి వదిలి నాలుగు ముక్కలు చేయండి. ఒక్కో ముక్క 48 మీటర్లకు 30 మీటర్లు వస్తుంది. నలుగురు కోచ్‌లు, 48 మంది పిల్లలు ఒకేసారి ఆడొచ్చు, ఒక బ్యాచ్ ఇంకో బ్యాచ్‌లో కలవదు. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ గేటు దగ్గర 10 నిమిషాల తేడా పెట్టండి. ఒక షిఫ్ట్ అయ్యాక రెండో షిఫ్ట్ మొదలవడానికి 15 నిమిషాల ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ లేకపోతే వెళ్లే పిల్లలు, వచ్చే పిల్లలు గేటు దగ్గర కలిసి కబుర్లు పెట్టుకుంటారు. స్నేహితులు కదా, ఆపలేం.

అందరూ మర్చిపోయేది కోచ్‌ని. మన దగ్గర చాలామంది కోచ్‌లు పొద్దున కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్, సాయంత్రం మణికొండలో ఒక టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి గ్రౌండ్), ఆదివారం సొంత మ్యాచ్ అని ఊరంతా తిరుగుతారు. వైరస్‌కి ఇంతకంటే మంచి సవారీ దొరకదు. ఒక కోచ్‌కి రెండు బ్యాచ్‌లకు మించి ఇవ్వకండి. ఆయన పిల్లల్లా పరుగులు పెట్టేది లేదు కాబట్టి ఉన్నంతసేపూ మాస్క్ తీయకూడదు. విజిల్ ఊదాలంటే మాస్క్ దించాలి, గట్టిగా ఊదితే తుంపరలు పడతాయి. బటన్ నొక్కితే మోగే ఎలక్ట్రానిక్ విజిల్ వాడితే ఆ బాధ ఉండదు. అది లేకపోతే చప్పట్లు చాలు. పిల్లలు రెండు రోజుల్లో అలవాటు పడతారు.

ఇంటి దగ్గరే ఆపాలి

టెంపరేచర్ గన్ మీద నమ్మకం పెట్టుకోకండి. ఏప్రిల్, మే ఎండలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చిన పిల్లాడి నుదురు కాలిపోతూ ఉంటుంది, ఒంట్లో జ్వరం ఉండదు. ఏసీ కారులోంచి అప్పుడే దిగిన పిల్లకి జ్వరం ఉన్నా గన్‌లో మామూలుగానే చూపించొచ్చు. పారాసిటమాల్ వేసి పంపితే ఇక చెప్పక్కర్లేదు. జ్వరం రాకముందే, లేదా జ్వరమే రాకుండా అంటించే పిల్లలూ ఉంటారు. వాడాలనే ఉంటే పిల్లాడిని పది నిమిషాలు నీడలో కూర్చోబెట్టి, నుదుటి చెమట తుడిచి చూడండి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆపైన ఉంటే జ్వరం కిందే లెక్క.

అంతకంటే బాగా పనిచేసేది ఒక మెసేజ్. నాలుగున్నరకి ప్రాక్టీస్ ఉంటే మధ్యాహ్నం రెండింటికల్లా తల్లిదండ్రుల నుంచి ఈ నాలుగు ప్రశ్నలకీ జవాబు రావాలి:

నిన్నటి నుంచి జ్వరం వచ్చిందా?
దగ్గు, గొంతు నొప్పి, వాంతులు, విరేచనాలు ఏమైనా ఉన్నాయా?
ఇంట్లో ఎవరికైనా బాగాలేదా?
ఇవాళ పారాసిటమాల్ గానీ, జ్వరం మందు గానీ వేశారా?

నాలుగింటికీ లేదు అంటేనే రావాలి. జవాబు రాకపోతే ఆ రోజుకి రాకూడదు. ఈ మెసేజ్ వాట్సాప్ గ్రూపులో పెట్టించకండి, కోచ్‌కి విడిగా పంపమనండి. గ్రూపులో అయితే "మా బాబుకి కొంచెం జలుబు సార్" అని రాసే అమ్మ, తర్వాత వచ్చే ఫోన్లు తలుచుకుని రెండోసారి రాయదు.

ఇక అసలు చిక్కు ఫీజు. నెలకి 12 క్లాసులకు డబ్బు కట్టించుకుని, రాకపోతే పోయినట్టే అంటే ఏ తండ్రైనా జలుబుతోనే పంపిస్తాడు. ఒక్కరోజు రాకపోతే టోర్నమెంట్ టీంలో చోటు పోతుందని పిల్లాడికి భయమేస్తే ఒళ్లు కాలుతున్నా దాచిపెడతాడు. జ్వరంతో పోయిన క్లాసులు వచ్చే నెలకి జమ అవుతాయని, సెలక్షన్‌లో హాజరు లెక్కలోకి రాదని కాగితం మీద రాసి గేటుకి అతికించండి. అకాడమీకి నెలకి నాలుగైదు క్లాసుల డబ్బు నష్టం రావచ్చు. మొత్తం బ్యాచ్ వారం రోజులు ఆగితే పోయేదానితో పోల్చుకుంటే ఇది చిల్లర. గన్నులు, స్ప్రేలు, నడిచి వెళ్తుంటే ఒంటి మీద మందు చల్లే టన్నెళ్లు అన్నీ కలిపినా ఈ ఒక్క రూలంత పనిచేయవు.

టన్నెల్ అంటే గుర్తొచ్చింది. మనుషుల మీద క్రిమిసంహారక మందు చల్లొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది. పిల్లల కళ్లు, చర్మం మండుతాయి, వైరస్‌కి జరిగే నష్టమేమీ లేదు.

వ్యాన్, ఆటో

వీలైతే ఇంటివాళ్లే బైక్ మీదో కారులోనో దింపాలి. అది కుదరని ఇళ్లు చాలా ఉంటాయి కాబట్టి వ్యాన్ మానేయమనడం తేలికే గానీ, జరిగే పని కాదు. ఏసీ ఆపి, కనీసం రెండు ఎదురెదురు అద్దాలు నాలుగు వేళ్ల వెడల్పు దించాలి. ముందుది ఒకటి, వెనక అటువైపుది ఒకటి దించితే గాలి అడ్డంగా కోసుకుంటూ పోతుంది. పక్కపక్కవి రెండూ దించితే అంత ఫలితం ఉండదు. ఎవరు ఎక్కడ కూర్చుంటారో మొదటి రోజే రాసిపెట్టి రోజూ అదే సీటు ఇవ్వండి. రేపు ఒకరికి పాజిటివ్ వస్తే పక్కన ఎవరు కూర్చున్నారో వెతుక్కోనవసరం ఉండదు. డ్రైవర్‌తో సహా అందరికీ మాస్క్, ఎక్కినప్పటి నుంచి దిగేదాకా. లోపల బిస్కెట్లు, చిప్స్ వద్దు. తినాలంటే మాస్క్ తీయాలి, ఒకడు తీస్తే అందరూ తీస్తారు. పాటలు కూడా వద్దంటే పిల్లలు మొహం మాడ్చుకుంటారు గానీ, మూసిన బండిలో గొంతెత్తి పాడటం దగ్గడంతో సమానమే.

గ్రౌండ్‌లో గడులు

కేసులు బాగా పెరుగుతున్న వారాల్లో బంతి కోసం ఒకరి మీద ఒకరు పడే ఆట ఆపి, ఎవరి బంతి వాళ్లకిచ్చి గడుల్లో ఆడించాలి. 12 మందికి లెక్క ఇది. ఒక్కో గడి 4 మీటర్లకు 4 మీటర్లు. గడికీ గడికీ మధ్య 2 మీటర్ల దారి. నాలుగేసి గడుల మూడు వరసలు వేస్తే పొడవు 22 మీటర్లు, వెడల్పు 16 మీటర్లు అవుతుంది. గడి మూలలకి గుర్తుగా పెట్టే ప్లాస్టిక్ డిస్క్‌లు గడికి నాలుగు చొప్పున 48 కావాలి. డిస్క్‌లు పిల్లలతో పెట్టించకండి, అక్కడే గుంపవుతారు. కోచ్ పది నిమిషాలు ముందొచ్చి పెట్టుకోవాలి. అడుగులతో కొలిస్తే పెద్దవాళ్ల అంగ ఒకటి దాదాపు ముప్పావు మీటరు, 4 మీటర్లకి ఐదంగలు, కాస్త పైన.

గేటు లోపలికి రాగానే పిల్లాడు నేరుగా తన గడికి వెళ్లి, బ్యాగు, సీసా గడి వెనక మూలలో పెట్టుకోవాలి. బెంచీలు వాడొద్దు, వాటిమీద తాడు కట్టేయండి. ఊరికే వద్దంటే వినరు. మొదటి పది నిమిషాలు గడిలోనే వార్మప్. తర్వాత బంతి అరికాలితో లాగడం, లోపలి పాదంతో, బయటి పాదంతో తిప్పడం, జగ్లింగ్ (బంతి కింద పడకుండా కాలితో ఎగరేయడం). ఆ తర్వాత పక్క గడివాడితో దారి మీదుగా పాసులు. 2 మీటర్ల దారి, అటూ ఇటూ గడి లోతు కలిపితే 6 నుంచి 8 మీటర్ల పాస్ దొరుకుతుంది, పన్నెండేళ్లలోపు వాళ్లకి అంతకంటే అక్కర్లేదు. వారం మొత్తం అదే జోడీ ఉండాలి. ఎనిమిదేళ్లలోపు పిల్లలకి 3వ సైజు బంతి, పన్నెండు దాకా 4వ సైజు, ఆపైన 5వ సైజు. ఎవరి బంతి వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకుంటే సైజుల గొడవా తీరుతుంది, తుడిచే పనీ తప్పుతుంది.

కేసులు తగ్గుముఖం పట్టాక బ్యాచ్ లోపలే నలుగురు, ఐదుగురు చొప్పున చిన్న ఆటలు మొదలుపెట్టొచ్చు. ఐదు నిమిషాల ఆట, రెండు నిమిషాల ఖాళీ. ఇంకా బాగుపడ్డాక బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మ్యాచ్. అకాడమీల మధ్య టోర్నమెంట్ అన్నిటికంటే ఆఖరున. ఈ మెట్లలో ఒకటి ఎక్కాక కనీసం రెండు వారాలు అక్కడే ఆగి చూడాలి, ఎందుకంటే ఇవాళ అంటింది బయటపడటానికి కోవిడ్‌కి 14 రోజుల దాకా పట్టొచ్చు. తొందరపడి రోజుకో మెట్టెక్కితే ఏ మెట్టు దగ్గర తప్పిందో తెలియదు.

పాత అలవాట్లలో ముందు వదలాల్సింది లైన్ డ్రిల్. గోల్ ముందు పన్నెండు మంది వరసకట్టి ఒక్కొక్కరే వచ్చి షాట్ కొడతారు, మిగతా పదకొండు మంది ఒకరి వీపు మీద ఒకరు వాలి నవ్వుకుంటూ ఉంటారు. షాట్లు నేర్పాలంటే నలుగురే వరసలో ఉండాలి, ఒక్కొక్కరి కాళ్ల కింద ఒక డిస్క్, డిస్క్‌కీ డిస్క్‌కీ 2 మీటర్లు. మిగతా ఎనిమిది మందికి గడుల్లో పని చెప్పండి. అసలు వరసలో నిలబడే పిల్లాడు ఆట నేర్చుకోడు, మహమ్మారి ఉన్నా లేకపోయినా.

మాస్క్ సంగతి. పరుగెత్తేటప్పుడు పిల్లలకి మాస్క్ వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది కూడా అదే. చెమటకి గుడ్డ తడిసిపోతే ఊపిరి ఆడదు, 40 డిగ్రీల ఎండలో అది మరో ప్రమాదం. ఐదేళ్లలోపు వాళ్లకి ఎప్పుడూ అక్కర్లేదు. వ్యాన్‌లో, గేటు దగ్గర, దెబ్బ తగిలి పక్కన కూర్చున్నప్పుడు పెట్టుకోవాలి. ఆడేటప్పుడు గడ్డం కిందకి లాగి వేలాడదీస్తే తాడు ఎక్కడైనా చిక్కుకుంటుంది. పేరు రాసిన కాగితపు కవర్‌లో పెట్టి బ్యాగులో వేయించండి. ప్లాస్టిక్ కవర్ అయితే తడి ఆరక వాసనొస్తుంది. కోచ్ దగ్గర పది కొత్త మాస్కులు ఎప్పుడూ ఉండాలి, ఎవరో ఒకరిది మట్టిలో పడుతుంది.

ఉమ్మడం మీద గట్టిగా ఉండాలి. టీవీలో పెద్ద ఆటగాళ్లు ఉమ్ముతారు, చూసి వీళ్లూ ఉమ్ముతారు. గోల్‌కీపర్లు పట్టు కోసం గ్లౌజుల మీద ఉమ్మి రాస్తారు. వాళ్లకి చిన్న నీళ్ల సీసా ఇచ్చి దాంతో తడుపుకోమనండి, పట్టు అంతే వస్తుంది. గోల్ కొట్టాక మీద పడి కౌగిలించుకోవడం వద్దని చెప్పి వదిలేస్తే వినరు. బదులుగా ఏం చేయాలో వాళ్లనే కనిపెట్టమంటే సలాం కొట్టడమో, తీన్మార్ స్టెప్పో తేల్చుకుంటారు.

బిబ్స్, సీసాలు, సబ్బు

పంచుకునే వస్తువుల్లో ముందు ఆపాల్సింది బిబ్స్, అంటే టీంలు తెలియడానికి చొక్కా మీద తొడిగే రంగు బనియన్లు. ఒకరి చెమటతో తడిసింది తల మీంచి తీస్తే మొహమంతా రాసుకుంటుంది, వెంటనే ఇంకొకరు తొడుక్కుంటారు. వాటిని సంచిలో కట్టి లోపల పడేయండి. ప్రతి పిల్లా తెల్ల టీషర్ట్ ఒకటి, నల్లదో నీలమో ఒకటి తెచ్చుకుంటే చాలు, టీంలు తయారు. గోల్‌కీపర్ గ్లౌజులు కూడా ఎవరివి వాళ్లకే. ఇంటికెళ్లి గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా సబ్బు వేసి కడిగి నీడలో ఆరబెట్టాలి. ఎండలో వేస్తే అరచేతి రబ్బరు పగిలిపోతుంది.

నీళ్లు ఎవరి సీసాలోంచి వాళ్లే. మనవాళ్లు నోటికి ఆనించకుండా ఎత్తి పోసుకుంటారు కాబట్టి పంచుకున్నా ఫర్వాలేదనుకుంటారు. ఎత్తి తాగే పద్ధతి మంచిదే. కానీ పదేళ్ల పిల్లాడు ఆయాసంతో ఎత్తి పోసుకుంటే సగం మొహం మీద పడుతుంది, మూడో గుక్కకి సీసా నోట్లోనే ఉంటుంది. గంట ప్రాక్టీస్‌కి ఒక్కొక్కరికి లీటరు, ఎండాకాలం లీటరున్నర. స్టీలు సీసా మీద మార్కర్‌తో రాసిన పేరు చెమట చేతులకి చెరిగిపోతుంది, తెల్ల ప్లాస్టర్ అతికించి దానిమీద బాల్‌పెన్నుతో రాయండి.

మట్టి చేతులకి శానిటైజర్ సరిగా పనిచేయదు. మట్టి గ్రౌండ్ అయితే 20 లీటర్ల కుళాయి డబ్బా, సబ్బు, పక్కన ఒక బకెట్ పెట్టండి. మనిషికి ముప్పావు లీటరు చొప్పున 12 మందికి 9 లీటర్లు, వచ్చేటప్పుడు, పోయేటప్పుడు రెండుసార్లూ సరిపోతాయి. చేతులు కనీసం 20 సెకన్లు రుద్దాలి. టర్ఫ్ మీద చేతులకి మట్టి అంటదు కాబట్టి శానిటైజర్ చాలు, ఆల్కహాల్ 60 శాతానికి తగ్గకూడదు. ఒక్కసారికి 3 మిల్లీలీటర్లు, రోజుకి మూడుసార్లు, 12 మందికి 108 మిల్లీలీటర్లు. అర లీటరు సీసా నాలుగు రోజులొస్తుంది. ఎండలో నిలిపిన కారులో వదలకండి, అది మండే సరుకు.

బంతులు తుడవాలనిపిస్తే బకెట్ నీళ్లలో రెండు చెంచాల బట్టల సబ్బు పొడి వేసి గుడ్డ ముంచి తుడిచి ఆరనివ్వండి. బ్లీచింగ్ వాడితే పైపొర పాడవుతుంది. ఒక మినహాయింపు చెప్పాలి. 2023 వానాకాలంలో వచ్చినట్టు కళ్లకలక తిరుగుతుంటే లెక్క మారుతుంది. అది చేతులు, తువ్వాళ్లు, వస్తువుల మీదుగా పాకుతుంది కాబట్టి అప్పుడు బంతులు తుడవడం, తువ్వాలు పంచుకోకపోవడం ముఖ్యం, గాలి సంగతి తర్వాత. ఏ జబ్బు తిరుగుతోందో తెలుసుకుని దాని దారి మూయాలి. ఫుట్‌వర్క్ కోసం గ్రౌండ్‌లో పడేసే పాత టైర్లలో వాన నీళ్లు నిలిచి డెంగీ దోమ గుడ్లు పెడుతుంది, దానికి ఏ మాస్కూ అడ్డు రాదు. వాడాక టైర్లు షెడ్డులో నిలబెట్టండి, లేదా నీళ్లు జారేలా రెండు బొక్కలు పెట్టండి.

వానొస్తే

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా హైదరాబాద్ వాన చెప్పి రాదు. పది నిమిషాల్లో కుండపోత మొదలై నలభై మంది పిల్లలు, వాళ్ల నాన్నలు, వాచ్‌మన్, వీధి కుక్క అంతా ఒకే రేకుల షెడ్డు కింద చేరతారు. నెలంతా పాటించిన దూరం అక్కడ పోతుంది. మబ్బు పట్టిన రోజు ప్రాక్టీస్‌కి గంట ముందే రద్దు చేయడం మేలు. మొదలయ్యాక వస్తే ఏ బ్యాచ్ ఎక్కడికి పోవాలో ముందే చెప్పి ఉంచండి: ఒకటి షెడ్డు, ఒకటి స్టాండ్ కింద, మిగతావాళ్లు తమ బండ్లలోకి. అందరూ మాస్క్ పెట్టుకోవాలి. ఉరుము వినిపిస్తే మాత్రం దూరం, బ్యాచ్ అన్నీ మర్చిపోయి ముందు గట్టి కప్పు కిందికో మూసిన కారులోకో పరుగు. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగితేనే మళ్లీ గ్రౌండ్‌లోకి రావాలి. పిడుగు ముందు వైరస్ చిన్నదే.

మేడ మీది టర్ఫులకి వానాకాలం పక్కల టార్పాలిన్ దించేస్తారు. పైన రేకు, చుట్టూ పట్టా, లోపల పదిమంది ఆయాసపడుతూ ఉంటే అది మైదానం కాదు, గది. కనీసం ఎదురెదురు రెండు వైపులు చుట్టి పైకి కట్టాలి. అనుమానముంటే కార్బన్ డయాక్సైడ్ మీటర్ పెట్టి చూడండి. బయటి గాలిలో 420 పీపీఎం (పది లక్షల పాళ్లలో 420 పాళ్లు) దగ్గర చూపిస్తుంది. టర్ఫ్ మధ్యలో 800 దాటుతుంటే గాలి కదలడం లేదని అర్థం, పిల్లల్ని తగ్గించండి లేదా పట్టా ఎత్తండి.

ఒకరికి పాజిటివ్ వస్తే

రోజూ ఒక నోటుబుక్‌లో తేదీ, బ్యాచ్, వచ్చిన పిల్లల పేర్లు, కోచ్, ఎవరు ఏ వ్యాన్‌లో వచ్చారు అన్నది రాసి ఉంటే ఈ పని అరగంటలో అయిపోతుంది. లేకపోతే మూడు రోజులు ఫోన్లు చేయాలి. లక్షణాలు మొదలైన రోజుకి రెండు రోజులు ముందు నుంచి ఆ పిల్లాడు ఎవరితో ఉన్నాడో చూడండి. ఆ బ్యాచ్, ఆ వ్యాన్ ఆపేయాలి. మిగతావి నడవొచ్చు. బ్యాచ్ కట్టడంలో పడ్డ కష్టమంతా ఈ రోజు కోసమే. తల్లిదండ్రులకి "మీ బ్యాచ్‌లో ఒకరికి పాజిటివ్ వచ్చింది, మంగళవారం, గురువారం ప్రాక్టీస్‌కి వచ్చారు, పిల్లల్ని ఇంట్లోనే ఉంచి లక్షణాలు గమనించండి" అని పంపండి. పేరు చెప్పకూడదు. ఎలాగూ తెలిసిపోతుందిలే అని మీరే చెప్పేస్తే ఇంకో ఇంట్లో వచ్చినప్పుడు మీకు ఫోన్ రాదు. టెస్ట్ వెంటనే చేయిస్తే నెగటివ్ వచ్చి మోసపోతారు, కలిసిన ఐదో రోజు తర్వాత చేయిస్తే నమ్మకం ఎక్కువ.

గ్రౌండ్‌లో దెబ్బ తగిలితే మాత్రం రెండు మీటర్లు చూస్తూ నిలబడకండి. మాస్క్, గ్లౌజులు వేసుకుని దగ్గరికెళ్లండి. స్పృహ తప్పితే 108.

కోలుకున్న పిల్లల్ని తిరిగి దించడం

తల్లిదండ్రులు, కోచ్‌లు ఇద్దరూ తొందరపడేది ఇక్కడే. మామూలు జ్వరమైతే మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే రావాలి. కోవిడ్ అని తేలితే ఆనాటి ప్రభుత్వ నియమం పాటించాలి. 2022 జనవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ సవరించినది ఇది: పాజిటివ్ వచ్చిన రోజు నుంచి కనీసం 7 రోజులు ఇంట్లో, అందులో ఆఖరి 3 రోజులు వరసగా జ్వరం ఉండకూడదు. జ్వరం నాలుగు రోజులు, ఆపైన ఉన్నా, దవాఖానలో చేర్చాల్సి వచ్చినా ముందు పిల్లల డాక్టర్‌కి చూపించాకే ఆట. వైరస్ కొందరిలో గుండె కండరానికి వాపు తెస్తుంది, ఆ సమయంలో గట్టిగా పరిగెత్తించడం ప్రమాదం.

తేలిగ్గా వచ్చి పోయిన పిల్లలకి అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పిన వారం రోజుల పద్ధతి వాడుకోవచ్చు. మొదటి రెండు రోజులు 15 నిమిషాలకి మించకుండా నడక, మెల్లటి జాగింగ్. మూడో రోజు అరగంట, బంతితో తేలికపాటి కదలికలు. నాలుగో రోజు ముప్పావు గంట, మలుపులు, పాసులు. ఐదు, ఆరు రోజులు గంటసేపు మామూలు ప్రాక్టీస్, కానీ పూర్తి వేగం వద్దు. ఏడో రోజు పూర్తి ఆట. నాడి కొలిచే వాచీ లేకపోతే మాట్లాడించి చూడండి. మొదటి రోజుల్లో జాగింగ్ చేస్తూ ఆగకుండా ఒక పూర్తి వాక్యం చెప్పగలగాలి. మధ్యలో గాలి పీల్చుకోవాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టు. ఏ మెట్టులోనైనా ఛాతీ నొప్పి, గుండె దడ, ఎప్పుడూ లేని ఆయాసం, కళ్లు తిరగడం కనిపిస్తే ఆట అక్కడే ఆపి డాక్టర్ దగ్గరికి పంపండి.

ఆ వారం కోచ్ కళ్లు ఆ పిల్లాడి మీదే ఉండాలి, ఎందుకంటే వాడు చెప్పడు. అడిగితే "ఏం లేదు కోచ్ సార్" అంటాడు. నడుం మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడటం, బంతి వదిలేసి నడవడం, పెదవులు పాలిపోవడం చూసి పట్టుకోవాలి. కోవిడ్ తగ్గిన రెండు నుంచి ఆరు వారాల మధ్య మళ్లీ జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, కళ్లు ఎర్రబడటం, కడుపు నొప్పి, వాంతులు కలిసి వస్తే తినకూడనిదేదో తిన్నాడని తోసేయకుండా అదే రోజు నిలోఫర్‌కో, దగ్గర్లోని పిల్లల ఆసుపత్రికో తీసుకెళ్లమని ఇంటివాళ్లకి ముందే చెప్పి ఉంచండి. కోవిడ్ వచ్చి తగ్గిందన్న మాట, తేదీతో సహా, డాక్టర్‌కి మొదటే చెప్పమనండి.